మొదటి గుక్క వెజ్జుదే

ఉదయం ఆరూ ముప్పావుకి విశాఖలో కిరండూల్ పాసింజరు ఎక్కాం. నేను, మా అక్క, అక్క మొండితనం. ముగ్గురికీ రెండు టిక్కెట్లే. అక్కకి రొమ్ము క్యాన్సర్. సోమవారం మొదటి కీమో.

"జుట్టు ఊడే మందు నాకొద్దురా. అరకు కొండల్లో వెజ్జు ఒకడు పసరుతో తగ్గించేత్తాడంట" అని కూర్చుంది. డాక్టరు మాటే విననిది, ఏడో క్లాసులో బడికి దండం పెట్టిన నా మాట వింటుందా? సంచీ మోశాను.

శృంగవరపుకోట దాటాక సొరంగాలు. చీకటి పడగానే పెట్టెలో పిల్లలంతా కేకలు. వాళ్లకంటే గట్టిగా అక్క. ఎదురుగా చీపుళ్ల మోపుతో కూర్చున్న ముసలమ్మ నవ్వింది.

"ఏటమ్మా, పెళ్లికెల్తన్నారా?"

"మందుకి."

"ఈ కేకలకి రోగమే దిగిపోద్ది!"

పదకొండు దాటాక అరకు. స్టేషను బయట బొంగు చికెన్ లాగించాం. "పథ్యం ఎప్పట్నుంచే?" అన్నాను. "మందు పుచ్చుకున్నాక" అంది, వేళ్లు నాక్కుంటూ.

జీపులో గంట, కాఫీ తోటల్లో అరగంట నడక. రెండున్నరకి వెజ్జు ఇల్లు. మందిచ్చేవాడు రోగి ఎదుటే మొదటి గుక్క తాను తాగాలి, అది ఆ ఇంటి కట్టుబాటు. అక్క రోగం చెప్పి, "కానియ్ తాతా, నువ్వో గుక్క, నేనో గుక్క" అంది.

వెజ్జు లేచాడు. దూలానికున్న ప్లాస్టిక్ సంచీ దించి ఆసుపత్రి చీటీలు చూపించాడు.

"నాకూ మెడలో అదే రోగమమ్మా. సూదులేసారు. ఇంకా మాత్రలున్నాయి. వాటితో ఆకులూ ఏర్లూ కలపొద్దన్నాది డాకటరమ్మ. నాను తాగంది నీకెలా ఇత్తాను?"

"మరి మీ పసరుతో తగ్గినవాళ్లు?" అన్నాను.

"దగ్గుకి తగ్గింది, పుండుకి తగ్గింది. దీనికి పట్టికెళ్లినోళ్లు మళ్లీ రానేదు. తగ్గి రానేదో, పోయి రానేదో నాకేటి తెలుసు?"

అక్క తన జడ ముందుకి లాక్కుంది.

"జుట్టు ఊడిందా తాతా?" అక్క గొంతు చిన్నదైంది.

ఆయన తలపాగా విప్పాడు. "సేలో సోళ్లు మొలిసినట్టు మొలుత్తంది, సూడు."

అక్క చెయ్యి వేసి తడిమింది. కిసుక్కున నవ్వింది. తాత కూడా నవ్వాడు.

సాయంత్రం బస్సెక్కాం. మీరూ అరకు వెళ్లండి. కొండలు బాగున్నాయి, చికెన్ మరీ బాగుంది. ఎవరు ఏ పసరిచ్చినా, మొదటి గుక్క వాళ్లచేత తాగించండి. తాగినా డాక్టర్ని అడగండి.

అనంతగిరి మలుపుల్లో అక్క నా భుజం పొడిచింది.

"సోమవారం ఎన్నింటికిరా?"

"తొమ్మిదికి."

"బేగి లేపు. ముందు ఫోటో స్టూడియోకెళ్లాలి. రెండు జడలేసుకుంటాను."