మహానందప్ప పుట్టి పందేలు

కర్నూలుకు ఎగువన తుంగభద్ర ఒడ్డున ఉన్న ఎర్రరేవుల గ్రామంలో మహానందప్పకు ఒకే ఒక్క పిచ్చి ఉండేది. కంటబడిన ప్రతిదాన్నీ డివిజన్లుగా విడగొట్టందే ఆయనకు ముద్ద దిగేది కాదు. మనుషుల్ని, మేకల్ని, గురకల్ని, చివరకు ఆ ముద్దలోకి భార్య భీమమ్మ నూరిన పచ్చడిని కూడా వదిలేవాడు కాదు.

"ఎట్లుండాది పచ్చడి?" అని భీమమ్మ అడిగేది.

"రెండో డివిజన్లో ఫస్టు."

"మొదటి డివిజన్లో ఏముండాది?"

"మీయమ్మ నూరింది."

భీమమ్మ ఆ పూట మజ్జిగ పోసేది కాదు. మజ్జిగ లేని భోజనాలను కూడా ఆయన ఏదో ఒక డివిజన్లో వేసుకుని లేచేవాడు.

ఊళ్ళో పెళ్ళి జరిగితే వడ్డన ఆయన చేతుల్లోనే. గబగబా తినేవాళ్ళు ఒక పంక్తి, నింపాదిగా తినేవాళ్ళు ఒక పంక్తి, పళ్ళు లేనివాళ్ళు మరో పంక్తి. ఒకసారి పెళ్ళికొడుకు మేనమామను తీసుకెళ్ళి పళ్ళు లేనివాళ్ళ పంక్తిలో కూర్చోబెట్టాడు. ఆ పెద్దమనిషికి రోషం వచ్చింది.

"నాకు నాలుగు పళ్ళుండాయప్పా."

"ఎదురెదురుగా ఉండాయా?"

మేనమామ నాలుకతో తడిమి చూసుకున్నాడు. "ల్యావు."

"అయితే ఇదే డివిజను."

భీమమ్మ తలుపు చాటున నిలబడి సిగ్గుతో చచ్చిపోయింది. అయితే అందరికంటే ఆఖరున లేచింది ఆ మేనమామే. మెత్తటి బూరెలు ఎనిమిది తిన్నాడు.

ఈ పిచ్చి మద్రాసులో అంటుకుంది. మహానందప్ప కాలువ మీద లష్కరుగా, అంటే తూములు ఎత్తి దించే పనిలో, ముప్పై ఏళ్ళు చేశాడు. ఒకసారి ఇంజనీరు దొర పెట్టెలు మోసుకుని మద్రాసు వెళ్ళి, అక్కడ తెరచాప పడవల పందెం చూశాడు. ఒక చాప పడవలన్నీ ఒక డివిజను, రెండు చాపలవి ఇంకో డివిజను. ఒక్కో డివిజనుకు ఒక్కో జెండా, ఒక్కో తుపాకీ మోత. ఇంటికొచ్చి మూడు రోజులు అదే చెప్పాడు.

"చిన్నదాన్ని పెద్దదాంతో ఉరికిచ్చరు, భీమా. ఎవురి డివిజన్లో వాళ్ళు. ఓడినోనికి గూడా సిగ్గుండదు."

"మద్రాసులో ఇంగేం చూస్తివి?"

"ఇంగేముండాది చూసేకి?"

పింఛను పుచ్చుకున్నాక ఊళ్ళో కార్తీకమాసపు పుట్టి పందెం ఆయన నెత్తికెత్తుకున్నాడు. పుట్టి అంటే వెదురు తట్టకు తోలు కట్టిన గుండ్రటి పడవ. అంతవరకు అన్ని పుట్లూ ఒకేసారి ఏట్లోకి దూకేవి. తెడ్లు నీళ్ళ మీద కంటే పక్కవాడి వీపు మీద ఎక్కువ పడేవి. మహానందప్ప వచ్చాక తొమ్మిది పుట్లకు ఏడు డివిజన్లు ఏర్పడ్డాయి. కొత్త తోలు, మాసికల తోలు, ఎడమచేతి వాటం, ఇలాగన్నమాట. డివిజనుకొక కొబ్బరికాయ బహుమానం. కాయలన్నీ భీమమ్మ ఇంట్లోవే.

గోపన్న అనేవాడు ఏ ఏడూ గెలిచి ఎరగడు. ఒక ఏడు వాడు పెళ్ళాం చీరను తెరచాపగా కట్టుకొచ్చాడు. వెంటనే తెరచాప డివిజను పుట్టింది. అందులో వాడొక్కడే. గాలి ఎదురు తిరిగి పుట్టి గిరగిరా తిరుగుతూ దిగువకు పోయింది. గోపన్న మర్నాడు నడిచి ఊరు చేరాడు. మహానందప్ప వాడికి కొబ్బరికాయ పట్టుకుని ఎదురెళ్ళాడు.

"నేను ఎవుర్నీ దాటల్యా గదప్పా," అన్నాడు గోపన్న.

"నిన్ను గూడా ఎవురూ దాటల్యా గదా."

కర్నూలు రాజధాని అయిన మరుసటేడు మాత్రం సంగతి ముదిరింది. రేవు నడిపే మనిషి వైశాఖంలో జ్వరంతో పోయాడు. పెళ్ళాం ఉరుకుందమ్మ తెడ్డు పట్టింది. జనాన్ని దాటించినందుకు కోతలప్పుడు ఇంటికిన్ని జొన్నలు మేరగా కొలిచేవారు. ఆ జొన్నలే ఆమెకూ ఇద్దరు బిడ్డలకూ ఏడాది పొడుగునా తిండి. ఊరిపెద్ద సుంకిరెడ్డి చెడ్డవాడు కాదు గానీ భయస్థుడు.

"ఆడమనిషి. ఏరు పొంగితే ఊరి పానాలకు దిక్కెవురు? ఈ ఏడు పందెంలో గెలిసినోళ్ళకే రేవు. డివిజన్లు ల్యావు. అందరికీ ఒకటే పందెం," అన్నాడు.

పెద్ద ఈరన్న బస్తా జొన్నలు ఒక చేత్తో ఎత్తే మనిషి. అతను పందెంలోకి దిగుతున్నాడనగానే మిగతావాళ్ళు తప్పుకున్నారు. అందరూ మహానందప్ప వైపు చూశారు. ఆయన తలూపి, "సరే, ఒకటే డివిజను," అన్నాడు.

భీమమ్మ ఇంటికి రాగానే ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. జ్వరం లేదు.

సాయంత్రం ఉరుకుందమ్మ వచ్చింది. "మామా, ఈరన్నతో పోటీపడి నేను గెలిసేదుందా? నాకొక డివిజను ఇప్పియ్యగూడదా?"

"ఒకటే డివిజనమ్మా," అన్నాడాయన.

ఆమె వెళ్ళిపోయింది. భీమమ్మకు ఒళ్ళు మండింది.

"పచ్చడికి రెండు డివిజన్లు జేస్తివి. మేకలకు నాలుగు జేస్తివి. బిడ్డల తల్లికి ఒక్కటి ల్యాకపాయెనా?"

ఆయన పలక మీద ఏదో రాసుకుంటూ ఉన్నాడు.

పందెం పొద్దున రేవులో నిలబడి ఆ పలక చదివాడు. "దీని పేరు రేవు డివిజను. పుట్టికి ఆరుమంది మనుషులు, ఒక మేక, ఒక కుండ మజ్జిగ. అవతలి గట్టు తాకి అందర్నీ తిరిగి తేవల్ల. కుండ ఒలకగూడదు."

"ఒకటే డివిజనంటివి గదప్పా," అన్నాడు సుంకిరెడ్డి.

"ఒకటే గదా రెడ్డీ. రేవుకు పందెమంటే రేవు పనే గదా."

సుంకిరెడ్డి సరేనని గట్టు మీద కూర్చున్నాడు. ఆయన తల్లి గురమ్మవ్వ గెలిచే పుట్టి చూసుకుని ఈరన్న దాంట్లో ఎక్కింది.

ఈరన్న నాలుగుసార్లు తెడ్డు వేశాడు. పుట్టి తిరగలిలా తిరుగుతూ నడిమేట్లోకి పోయింది. మేక గురమ్మవ్వ ఒళ్ళోకి ఎక్కింది. మజ్జిగ ఆరుమంది మీదా సమానంగా పడింది. ఉరుకుందమ్మ సగం దూరం పోకముందే ఈరన్న హైదరాబాదు రాష్ట్రంలో ఉన్న అవతలి గట్టు తాకేశాడు. ఆరుమందీ దిగి ఇసుకలో చతికిలబడ్డారు.

"ఎక్కవ్వా, పోదాం."

"నేనెక్కనప్పా. కడుపులో తిప్పుతాండాది. అవతల కర్నూలు రాజధానైతే నాకేమి? నేను ఈ హైదరాబాదు రాష్ట్రంలోనే ఉంటా."

మిగతా అయిదుగురూ కదల్లేదు. ఈలోగా ఉరుకుందమ్మ, ఎక్కినవాళ్ళ కోడళ్ళ కాన్పుల సంగతులు అడుగుతూ, మెల్లగా గట్టు చేరింది. గురమ్మవ్వ ఆమెకు చెయ్యి ఊపింది.

"నన్ను తీసకపో పాపా."

"వీళ్ళను దించి మల్ల వస్తా అవ్వా. ఎండలో కూర్సోగాకు."

ఈరన్న ముందుగానే ఇవతలి గట్టు చేరాడు. పుట్టిలో మేక ఒక్కటే ఉంది.

"మాయమ్మ యాడప్పా?" అన్నాడు సుంకిరెడ్డి.

ఈరన్న మేక వైపు చూశాడు.

ఉరుకుందమ్మ రెండు దఫాలుగా పన్నెండుమందినీ చేర్చింది. కుండలో మజ్జిగ తొణకలేదు. గురమ్మవ్వ గట్టెక్కి, "రేవు ఎవురికన్నా ఇచ్చుకో నాయనా, నేను మాత్రం ఈ పాప పుట్టే ఎక్కుతా," అంది. సుంకిరెడ్డి రేవు ఉరుకుందమ్మకే ఇచ్చేశాడు. ఉరుకుందమ్మ బిడ్డలిద్దర్నీ దగ్గరికి తీసుకుని అందరి ముందే ఏడ్చేసింది.

ఆ సాయంత్రం భీమమ్మ మొగుడికి సంగటి పెడుతూ ఆయన్ను కొత్తగా చూసింది. ముప్పై ఏళ్ళుగా పిచ్చి అనుకుంది. ఈయన ఊరిని విడగొట్టింది ఎవరు ఎక్కడ కూర్చుంటే చిన్నబోకుండా ఉంటారో చూడటానికేనని ఇప్పుడు తెలిసింది. తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చి మనసు కలుక్కుమంది. నెయ్యి కాస్త ఎక్కువే వేసింది.

అంతలో ఈరన్న గడపలో నిలబడ్డాడు. మొహం వేలాడుతోంది.

"ఊరంతా నన్ను జూసి నవ్వుతాండారు. ఇట్ల జేస్తివేమప్పా?"

"కూర్సో ఈరన్నా. ఇంగొక డివిజను ఉండాది. రెడ్డితో, ఉరుకుందమ్మతో మాట్లాడే వచ్చినా. ఏరు పొంగితే ఆయమ్మ పుట్టి కట్టేస్తాది. వరద తీసేదాకా రేవు నీది, ఆ నెలల మేరా నీదే. అప్పుడు నీ అసుమంటి బలమే గావల్ల. అది వరద డివిజను."

ఈరన్న లోపలికొచ్చి కూర్చున్నాడు. "దాంట్లో ఎంతమంది ఉండారు?"

"నువ్వొక్కనివే."

"అయితే ఫస్టు నేనేనా?"

"సెకండు గూడా నువ్వే."

భీమమ్మ లోపలికి వెళ్ళి ఇంకో పళ్ళెం తెచ్చి పెట్టింది.