దానియేలు కింది పెదవి

ఉద్యోగంలో చివరి నాలుగేళ్ళు నిజామాబాద్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ముఖ ఎముకల సర్జన్‌గా పనిచేశాను. కరోనా తగ్గాక, నేను చేరిన మొదటి శీతాకాలం అది. బోధన్ వైపు చెరుకు కోతలు నడుస్తున్నాయి. రెంజల్ దగ్గరి ఊరి నుంచి దానియేలు అనే నడివయసు మనిషిని తెచ్చారు. చెరుకు ట్రాక్టరు మీంచి పడితే ఎడమ దవడ మూల దగ్గర ఎముక విరిగింది. కేస్ షీట్‌లో వృత్తి దగ్గర 'కూలి' అని నేనే రాశాను.

ఇలా విరిగిన దవడకు మూడు దారులున్నాయి. కోత లేకుండా పై పళ్ళనూ కింది పళ్ళనూ తీగతో కట్టేసి, నెల పైచిలుకు జావతో నడిపించడం ఒకటి. నోటి లోపలి నుంచి కోసి చిన్న ప్లేటు బిగించడం రెండోది. బయట మచ్చ పడదు గానీ అంత మూలన చూపు సరిగా ఆనదు. దవడ కింద బయటి నుంచి కోయడం మూడోది. ఎముక మొత్తం కళ్ళెదుట ఉంటుంది. కానీ కింది పెదవిని కదిలించే సన్నటి నరం ఆ దారిలోనే పోతుంది.

నా జూనియర్ డాక్టర్ రజిత లోపలి నుంచే చేద్దామంది. నేను పాతికేళ్ళుగా చేసింది మూడోది. తాతకు దగ్గులు నేర్పకమ్మా అని నవ్వేశాను. పెదవి కొన్నాళ్ళు వంకర పోవచ్చు, సర్దుకుంటుందని దానియేలుకు చెప్పి సంతకం పెట్టించాను. చాలామందికి సర్దుకుంటుంది కూడా.

ఆరు నెలల తర్వాత ఎక్స్‌రే చూసి మురిసిపోయాను. అతుకు ఎక్కడుందో వెతుక్కోవాలి. పెదవి ఎడమవైపు మాత్రం కదలడం లేదు. తిండికి ఇబ్బందా అంటే లేదన్నాడు. అసలు సంగతి అప్పుడు చెప్పాడు.

"పెండ్లిళ్ళల్ల బ్యాండుల బాకా ఊదుత సార్. పండుగకు చర్చిల సుత ఊదుత. ఇప్పుడు గాలి నిలుస్తలేదు, పక్కకెళ్ళి పోతున్నది."

ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను, తప్పు అతనిదే అన్నట్టు.

"మీరు అడగకపోతిరి సార్. కూలి అని రాసుకున్నరు. గది సుత నిజమే గద."

మరో ఏడాది చూశాం. నరం కోలుకోలేదు. బాకా తమ్ముడికి ఇచ్చేసి, తాను డప్పు పట్టుకున్నాడట. ఈ కబురు రజితే చెప్పింది, ముందే చెప్పాను కదా అని ఎత్తిపొడవకుండా. ఎత్తిపొడిచి ఉంటేనే నయమనిపించింది. ఇప్పటికీ తలచుకుంటే సిగ్గేస్తుంది.

బాగా కనిపించే దారి సర్జన్‌కు సుఖం. రోగికి ఏది సుఖమో అతని బతుకు తెలిస్తేగాని తెలియదు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, దవడకు కత్తి పెట్టే ముందు, ఈ నోటితో ఏం పని చేస్తావని ప్రతి ఒక్కరినీ అడిగాను. జవాబుకు అర నిమిషం పట్టేది.