అన్న కారు అడుగు రేకు

ఆ రోజుల్లో మా తిరువళ్లూరులో సొంత కారున్న వాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఆ వేళ్ళలో ఒకటి మా అన్నది కావడం లోకంలోని వింతల్లో ఒకటని ఇప్పటికీ నా అభిప్రాయం. కారంటే మీరు అనుకునే కారు కాదు. రెండే సీట్లు, పైకప్పు లేదు, నేల మీద పాకుతున్నట్టు ఉండే ఇంగ్లండు స్పోర్ట్స్ కారు. మద్రాసులో ఎవరో పెద్దమనిషి ముచ్చటపడి కొని, ముచ్చట తీరాక ఇంకొకరికి అంటగట్టి, అలా చేతులు మారి మారి చివరికి పాత ఇనుము ధరకు మా మామ లారీ షెడ్డుకు చేరింది. గుమ్మిడిపూండి ఫ్యాక్టరీలో ఫిట్టరుగా ఉన్న మా అన్న దాన్ని చూసిన రోజు నుంచి మనిషి మనిషి కాదు. మామను బతిమాలి దాన్ని తనది చేసుకుని, ఆదివారాలన్నీ దాని కింద వెల్లకిలా పడుకునే గడిపాడు. ఇంకోపక్క పెళ్ళి వయసు దాటిపోతోంది. ‘పిల్లోడు మంచోడే గానీ, కారు కింద కాపురం చేస్తా ఉండాడంట’ అని బంధువుల్లో పేరు పడిపోయి, వచ్చిన సంబంధాలు వచ్చినట్టే వెనక్కి పోయేవి.

అట్లాంటి సమయంలో తిరుత్తణి దగ్గర ఒక పల్లె నుంచి సంబంధం వచ్చింది. సేద్యం చేసుకునే కుటుంబం. పిల్లకు తల్లీ తండ్రీ ఉన్నా, ఆ ఇంట్లో నాయనమ్మ మాటే మాట అని ముందే కబురు తెలిసింది. మా అమ్మ వంటింట్లో నుంచే తన నిర్ణయం చెప్పేసింది.

“ఈ సంబంధం గాన తప్పిపోయిందంటే ఆ బండిని పాత సామాన్లోడికి ఎత్తి ఇచ్చేస్తా. మురుగన్ మీద ఒట్టు!”

అంటే దక్కితే పిల్లా కారూ రెండూ దక్కాలి, పోతే రెండూ పోవాలి. ఇంకొకరైతే కారును గోనెపట్టా కప్పి దాచిపెట్టి, బుద్ధిగా రైలెక్కి పోయేవారు. మా అన్న కారులోనే పోతానన్నాడు. “బండిని దాచిపెట్టి పిల్లనడిగేది మోసం గదమ్మా” అన్నాడు. (నిజాయితీ అంతా నోటి మాటే. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని ఆ పల్లెలో దిగాలని ఆయన కోరిక.)

ఇక్కడే అడుగు రేకు కథలోకి వస్తుంది. ఆ కారు ఇంజను కింద, దుమ్మూ రాళ్ళూ తగలకుండా, చిన్న తలుపంత అల్యూమినియం రేకు ఒకటి బిగించి ఉండేది. గాలి ఆడడానికి దానికి వరసగా సన్నని చీలికలు. బోల్టులు అరిగిపోయి, బండి కదిలితే చాలు గడగడమని మోగేది. పెళ్ళివారింటి ముందు ఆ మోత మోగితే పరువేం కావాలి? రేకును ఊడదీయాలా, ఉంచాలా అని షెడ్డులో మొదలైన మాట ఇంట్లోకి వచ్చి, వారం తిరిగే లోపల మమ్మల్ని రెండు పార్టీలుగా చీల్చింది.

తీసేయాలనే పార్టీకి నాయకుడు మామ. “లారీకి ఉందేమిరా ఈ రేకు? బస్సుకి ఉందా? అయినా తిరుపతి కొండ ఎక్కతా లేదా? ఇంజనుకి గోచి కట్టినట్టు ఇది యాడ నుంచి వచ్చినాదో! దీన్తోనే వేడెక్కి చస్తా ఉండాది. తీసి పారేయండప్పా.”

ఉంచాలనే పార్టీకి నేనే నాయకుణ్ణి, నేనే కార్యకర్తను. అప్పుడే ఒక కంపెనీలో గుమాస్తాగా చేరిన కొత్త. మద్రాసు మూర్ మార్కెట్‌లో కొన్న పాత ఇంగ్లీషు మోటారు పత్రిక ఒకటి నా దగ్గర ఉండేది. సగం అర్థమయ్యేది, మిగతా సగం నేనే కల్పించేవాణ్ణి. “మామా, వేగంగా పోతా ఉంటే గాలి అడుగున దూరి బండిని పైకి లేపేస్తుంది. ఆ చీలికలు ఉండేది అందుకే” అన్నాను.

“లేపనీరా! గుంతల్లో పడకుండా పోతాము” అన్నాడు మామ.

(మా బండి వేగం గురించి ఒక మాట. పూండి పోయే టౌను బస్సు మమ్మల్ని దాటుకుని పోయేటప్పుడు హారన్ కూడా కొట్టేది కాదు.)

అమ్మ ఏ పార్టీలోనూ చేరలేదు. మా వైపు అలవాటు ప్రకారం పూలు వేసి అడుగుదామంది. ఎర్ర పూవొక పొట్లంలో, తెల్ల పూవొక పొట్లంలో కట్టి, అమ్మవారి ముందు వేసి, ఒకటి తీయించడం. పూజారి తీశాడు. తెల్లది వచ్చింది. అందరం దండం పెట్టుకుని సంతోషంగా బయటికి వచ్చాక తెలిసింది, తెల్లది వస్తే ఏం చేయాలో ఎవరూ పైకి అనుకోలేదని. మామ మనసులో తెలుపు తీయడానికి, నా మనసులో తెలుపు ఉంచడానికి. మళ్ళీ లోపలికి పోయి అడుగుదామంటే అమ్మ ఒప్పుకోలేదు. “ఆ తల్లికి వేరే పని లేదా?” అంది.

చివరికి అన్నే తీర్పు చెప్పాడు. రేకును ఊడదీయాలి, కానీ వదిలిపెట్టకూడదు. బండి వెనక కడ్డీలకు తాడుతో కట్టుకుని పోవాలి. అట్లా ఎవరి మాటా తీసేసినట్టు కాదు. తై నెలలో, సంక్రాంతి వెళ్ళాక, మంచి రోజు చూసి, అమ్మా మామా పూలూ పండ్లూ తీసుకుని రైలెక్కారు. అన్నా నేనూ, వీపున రేకు మోసుకుంటున్న ఆ కారూ తిరుత్తణి దారి పట్టాం.

నిజం చెప్పొద్దూ, బండి ఆ రోజు పూలరథంలా నడిచింది. మోత లేదు, వేడి లేదు. మామ చెప్పిందే నిజమైపోతుందేమోనని నాకు లోపల బాధగా కూడా ఉంది. తిరుత్తణి దాటి పల్లె దారిలోకి తిరిగాం. అక్కడ రోడ్డంతా, ఈ చివర నుంచి ఆ చివరకు, పీకి ఎండబెట్టిన ఉలవ చెట్లు పరిచి ఉన్నాయి. మా వైపు అది మామూలే. బస్సులూ లారీలూ తొక్కుకుంటూ పోతే కాయలు పగిలి గింజ రాలుతుంది, రైతుకు కళ్ళం పని తప్పుతుంది. బస్సుకేం, ఎత్తుగా ఉంటుంది, పైనుంచి పోతుంది. మాది పాకే బండి. పైగా కింద రేకు లేదు.

“పోనీన్నా, పుణ్యం, మనం కూడా తొక్కి పోదాము” అన్నాను నేను. ఇది నా సలహానే అని ఒప్పుకోక తప్పదు.

కొంత దూరం కరకరమని పోయింది. తర్వాత ఇంజను మూలిగింది. ఆగింది. ఉలవ తీగలు ఫ్యానుకూ బెల్టుకూ చుట్టుకుని, కడుపు నిండా దూరి, పొగ గొట్టానికి తగిలి పొగలు మొదలయ్యాయి. అన్న కళ్ళద్దాలు విసిరేసి, ఇస్త్రీ ప్యాంటుతోనే బండి కిందికి దూరాడు. అంతలో చేలో నుంచి ఒక ముసలమ్మ నీళ్ళ బిందెతో పరుగెత్తుకుంటూ వచ్చింది.

“అడపావీ! బండా ఇది, పందికొక్కా? నా ఉలవలంతా కడుపులో పెట్టుకుని కూర్చున్నాదే! యాడ నుంచి దిగినారురా మీరు?”

ముసలమ్మ వెనకే, చెత్త లాగే దంతె పట్టుకుని ఒక అమ్మాయి వచ్చింది. బిందె నీళ్ళు బండి మీద సగం, అన్న కాళ్ళ మీద సగం పడ్డాయి. పొగ అణిగింది. ఆ అమ్మాయి వంగి చూసి, “అడుగున ఏమీ లేదవ్వా, అంతా తెరిచి పెట్టుకుని వచ్చినారు” అంది. ఆ గొంతు విని అన్న తల బయటికి పెట్టబోయి ఠంగున కొట్టుకున్నాడు.

అప్పుడే అమ్మా మామా జట్కాలో దిగారు. ముసలమ్మనూ, తను ముందే ఫోటోలో చూసిన అమ్మాయినీ, రోడ్డు మీద కనిపిస్తున్న రెండు కాళ్ళనూ చూసి అమ్మకు అంతా అర్థమైపోయింది. “అయ్యో మురుగా, ఇదే పిల్ల! ఆమే ఆ నాయనమ్మ!” అంది. పిల్లను చూడబోయిన అన్నను పిల్లే ముందు చూసింది. అదీ కాళ్ళ వైపు నుంచి.

సంబంధం పోయింది, కారూ పోయింది అనుకున్నాను. అవ్వ మాత్రం మమ్మల్ని వదిలేసి, బండి వెనకకు పోయి రేకును తట్టి చూస్తోంది. తాడు విప్పించింది. బండి కడుపులో నుంచి లాగిన ఉలవ చెత్తను దాని మీద వేసి ఆడించింది. గింజలు ఆ సన్నని చీలికల్లో నుంచి జలజల కిందికి రాలాయి, పొట్టూ పుల్లా పైన నిలిచాయి. గాలి గురించి నేను ఎంతో శాస్త్రం చెప్పిన ఆ చీలికలే!

“జల్లెడంటే ఇది! ఎంత తేలిగ్గా ఉండాది” అని అవ్వ అన్న వైపు తిరిగింది. “ఏమయ్యా, ఇది ఈడనే పెట్టి పోతావా?”

అన్న మసి మొహంతో బండిని చూశాడు, రేకును చూశాడు, పిల్లను చూశాడు. “అవ్వా, అది లేకపోతే ఇంజనులోకి గాలి...” అని నేను మొదలుపెట్టాను.

“ఎవురీ పిల్లోడు?” అంది అవ్వ.

“ఉండనీ అవ్వా, నీ దగ్గరే ఉండనీ” అన్నాడు అన్న. పిల్ల దంతె చాటున నవ్వింది. “సరి, అడిగిన వస్తువు లేదనకుండా ఇచ్చినాడు. ఇంటికి రమ్మను, కాళ్ళు కడుక్కోమను” అంది అవ్వ. అమ్మ ఆనందంతో కళ్ళు తుడుచుకుంది. మామ నా చెవి దగ్గర “తీయబట్టే గదరా కుదిరింది” అన్నాడు. నేనూ ఊరుకోలేదు. “పారేయకుండా తెచ్చినాము కాబట్టి కుదిరింది మామా” అన్నాను.

పెళ్ళయ్యాక రేకు తిరిగి మా ఇంటికి వచ్చింది, సారెలో. దాని నిండా అరిసెలు పేర్చి, పసుపు రాసి, బొట్టు పెట్టి పంపించింది అవ్వ. అరిసెలు అయిపోయాక అన్న స్పానర్లు తీసుకుని వచ్చాడు. వదిన రేకు కడిగి వంటింట్లో ఆనించి, “ఇది మా అవ్వ నాకిచ్చినాది” అంది. అంతే. ఆ తర్వాత కారు బతికినన్నాళ్ళూ అడుగు లేకుండానే బతికింది. చివరికి ఒక రోజు పాత సామాన్ల బండి వచ్చి దాన్ని తీసుకుపోయింది. అమ్మ ఒట్టు అప్పుడు తీరింది. కానీ ఆ రోజు అందరికంటే ఎక్కువ ఏడ్చింది అమ్మే.

మొన్న అన్న ఇంటికి పోతే మిద్దె మీద ఆ రేకు కనిపించింది, ఎండు మిరపకాయలు పోసి ఉంది. మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కి వచ్చిన అన్న దాన్ని చేత్తో నిమురుతూ, “ఆ పొద్దు దీన్ని ఊడదీయకుండా ఉంటే ఏమయ్యుండేది రా?” అన్నాడు. నేను గొంతు సవరించుకున్నాను. ఆ గుమాస్తా కుర్రవాడు నాలో ఇంకా చావలేదు. గాలి అడుగున దూరి, అని మొదలుపెట్టాను. అన్న ఎప్పుడూ లేనిది శ్రద్ధగా వింటున్నాడు.

“ఆ రేకు మీద చెయ్యి పెట్టబాకండి ఇద్దరూ!” అని కింద నుంచి వదిన కేక వేసింది.

మేమిద్దరం ఒక్కసారే చేతులు వెనక్కి తీసుకున్నాం.