‘చూశాను’ అన్న ఈలసారు

నౌకా కేడెట్లలో ఎందుకు చేరుతున్నావమ్మా అని అడిగితే ఒకరు సముద్రమంటే ఇష్టం అంటారు, ఒకరు ఆ తెల్ల యూనిఫాం బావుంటుంది అంటారు, ఇంట్లో పోరు పడలేక వచ్చానని నిజం చెప్పేసేవాళ్ళూ ఉంటారు. మిరపకాయ మాత్రం ఒక మనిషి పరువు తీయడానికి చేరింది. ఆ మాట పైకి అంటుందా ఏం? చేతులు కట్టుకుని, "క్రమశిక్షణ నేర్చుకుందామని సార్" అంది. పడవలు నేర్పే సారు మురిసిపోయి, "ఇదిగో, ఇలాంటి పిల్లలు కావాలి నాకు" అన్నాడు. అది తీయాలనుకున్నది ఆయన పరువే.

ఆ సారు మెళ్ళో ఎప్పుడూ ఓ వెండి ఈల వేలాడుతూ ఉండేది. లేవాలంటే ఈల, కూచోవాలంటే ఈల. పిల్లలు ఆయన్ని ఈలసారు అనేవాళ్ళు, ఆయన వినకుండా. మిరపకాయకి ఆ పేరు పెట్టింది వాళ్ళమ్మ. ఆవిడ బస్సు కండక్టరు. "నేను బస్సులో రోజంతా మింగిన కోపమంతా నీకొచ్చి చేరిందే తల్లీ" అనేది. నిజమే, ఆ పిల్ల మర్చిపోయే రకం కాదు. మర్చిపోయే విషయమూ కాదది.

దానికో అక్క ఉంది. మిరపకాయకంటే ముందు ఆ దళంలో చేరింది అక్కే. ఓడలో ఆఫీసరవుతానని ఇల్లంతా తాళ్ళు కట్టి ముడులు నేర్చుకుంటుండేది. మంచానికో ముడి, తలుపుకో ముడి. అమ్మ తట్టుకుని పడబోయి తిట్టిన తిట్లకి లెక్కలేదు.

ఆ దళం పడవలు కర్రవి. అడుగున చిన్న కన్నం ఉంటుంది, ఒడ్డుకి లాగాక లోపలి నీళ్ళు కారిపోవడానికి. నీళ్ళలోకి దింపేముందు దానికి ఇత్తడి బిరడా బిగించాలి. మర్చిపోతే ఏమవుతుందో వేరే చెప్పాలా! అందుకే అక్కడో పద్ధతి పెట్టారు. బిరడా బిగించిన పిల్ల "వేశాను!" అని అరవాలి. పడవలో ఉన్న సారు వంగి, చేత్తో తడిమి, "చూశాను!" అని అరవాలి. రెండు అరుపులూ పడితేగానీ పడవ కదలకూడదు. ప్రదర్శన రోజున బిరడా వేసే గౌరవం అందరికంటే చిన్న కేడెట్‌ది.

అక్క చేరిన ఏడాది అందరికంటే చిన్నది అక్కే. బిగించింది, గొంతు చించుకుని అరిచింది. తర్వాత పడవ ఇంకా ఒడ్డునే ఉండగా ఈలసారు దాని అడుగున కాసిని నీళ్ళు చూసి, అతిథుల బూట్లు తడుస్తాయని తనే బిరడా లాగి, నీళ్ళు పోనిచ్చి, దాన్ని చొక్కా జేబులో వేసుకున్నాడు. ఇంతలో అతిథులు రానే వచ్చారు. ఆయన ఒళ్ళంతా నవ్వు చేసుకుని, "చూశాను!" అని అరిచి పడవ వదిలేశాడు. చూసిందేమిటి, ఆయన మొహం! రేవు దాటకముందే పడవ నిండిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు గానీ అతిథులు నడుముల దాకా తడిసిపోయారు.

"ఈ మొద్దు పిల్ల బిరడా వేయలేదు" అన్నాడు ఈలసారు. అంతమంది ముందూ అక్క భుజం మీది కేడెట్ గుర్తు పీకేశాడు. మొహం తుడుచుకుందామని జేబురుమాలు లాగితే వెనకాలే ఇత్తడి బిరడా తొంగిచూసింది. అక్క చూసింది. "సార్, అది మీ జేబులోనే ఉంది" అంది. ఆయన చటుక్కున రుమాలు లోపలికి కుక్కేసి, "తప్పు చేసిందిగాక ఎదురు చెబుతోంది చూడండి" అన్నాడు. చిన్నపిల్ల మాట ఎవడు నమ్ముతాడు? జనం నవ్వారు. అమ్మ చెయ్యి పట్టుకుని ఒడ్డున నిలబడ్డ మిరపకాయకి ఆ నవ్వు చెవుల్లోనే ఉండిపోయింది.

వీధిలో అక్కకి చిల్లుపడవ అని పేరు పడింది. కూరగాయల కొట్టువాడు కూడా అదే పేరుతో పిలిచేవాడు. అక్క బడి మానేసింది, బయటికి రావడం మానేసింది. సందు చివర బట్టల దుకాణం వెనకగదిలో ఇస్త్రీ పనిలో చేరి, వీధి మొహం చూడకుండా వెనక గుమ్మం లోంచే వచ్చి వెనక గుమ్మం లోంచే పోయేది. ఇంట్లో తాళ్ళన్నీ విప్పి పారేసింది. ఓడ అన్న మాట మళ్ళీ ఆ ఇంట్లో వినపడలేదు.

వయసు రాగానే మిరపకాయ కూడా అక్కడే చేరతానంటే అమ్మ నెత్తి కొట్టుకుంది. "పోయి పోయి ఆ గుమ్మమే తొక్కుతావా? సిగ్గులేదూ?" అక్క మాత్రం చెల్లెలి యూనిఫాం తీసుకెళ్ళి ఇస్త్రీ చేసి తెచ్చింది.

ఇక చూడండి ఆ పిల్ల ఓపిక! తాళ్ళు లాగి అరచేతులు బొబ్బలెక్కినా కిక్కురుమనలేదు. పొద్దున్నే ఆ మనిషికే సెల్యూట్ కొట్టేది, లోపల పళ్ళు నూరుకుంటూ. అందరికంటే బాగా తెడ్డు వేసేది, అందరికంటే ముందొచ్చేది. ఆయనకి దీని అక్క గుర్తుంటేగా! ఒకరోజు కావాలనే అడిగింది: "సార్, మన పడవెప్పుడైనా మునిగిందా?"

"ఆ, ఒకసారి. ఎవరో పిల్ల. పేరు గుర్తులేదు" అని ఈలసారు పళ్ళు కుట్టుకుంటూ పోయాడు.

ఒక బతుకు బుగ్గి చేసి పేరైనా గుర్తులేదట! ఆ పూట అన్నం సయించలేదు దానికి. ఇన్నాళ్ళలో అది కనిపెట్టిన సంగతి ఒకటుంది. ఈలసారు ఎప్పుడూ వంగడు. నడుం నొప్పో, పొగరో, ఆకాశం చూస్తూనే "చూశాను!" అంటాడు. ఇంకేం, నీ నోటితోనే నిన్ను ముంచుతానురా అనుకుంది.

చివరికి చుక్కాని దాని చేతికొచ్చింది, పడవకి పెద్దయింది. ప్రదర్శన రోజు రానే వచ్చింది. ముఖ్య అతిథి పెద్ద పెద్ద ఓడలు నడిపి రిటైరైన కెప్టెనమ్మ. అందరూ లైఫ్ జాకెట్లు కట్టుకున్నారు. మెట్ల దగ్గర నీళ్ళు నడుం లోతే, పడవని అక్కడే తిప్పుతూ ఉంటే చాలనీ, ఎవరికీ ప్రమాదం ఉండకూడదనీ మిరపకాయ ముందే అనుకుంది. ఆ ఏడాది అందరికంటే చిన్న కేడెట్ చిట్టెలుక. బక్కపిల్ల, టోపీ కళ్ళ మీదికి జారేది. అది బిరడా బిగించి, కీచుగొంతుతో "వేశాను!" అని అరిచింది. మిరపకాయ అడుగు పలకలు సర్దుతున్నట్టు వంగి, బిరడా తిప్పి ఊడదీసి జేబులో వేసుకుంది. ఈలసారు కెప్టెనమ్మకి చెయ్యందిస్తూ, వంగకుండానే, "చూశాను!" అన్నాడు.

అబ్బ, ఎంత హాయిగా ఉందో దానికి! బూట్ల దాకా నీళ్ళు, పిక్కల దాకా నీళ్ళు. ఈలసారు మొహంలో రంగులు మారుతుంటే చుక్కాని పట్టుకుని కళ్ళారా చూసింది. పడవ కూచుండిపోయింది. అందరూ నడుం లోతు నీళ్ళలో నిలబడ్డారు. ఒడ్డున జనం గొల్లుమన్నారు. "చూశాను" అని ఈయన అరవడం అంతా విన్నారు, ఇంక తప్పించుకోలేడు అనుకుంది.

ఎంత తెలివిగలదైనా అక్కడే బోల్తా పడింది. పగ పట్టిన కళ్ళకి ఆ ఒక్క మనిషి తప్ప ఇంకెవరూ కనబడలేదు మరి.

ఈలసారు క్షణం ఆలోచించలేదు. వేలు చాపి, "ఇదిగో, ఈ మొద్దు పిల్ల! బిరడా వేయలేదు!" అన్నాడు. చెయ్యి చిట్టెలుక భుజం మీది గుర్తు మీదికి పోయింది. జనం తలలన్నీ అటు తిరిగాయి. చిట్టెలుక టోపీ పైకి తోసుకుని, "వేశాను సార్..." అంది. మాట పూర్తి కాలేదు, పెదవి వంకర తిరిగింది.

నోరు మూసుకుంటే వాడిని ముంచింది తనేనని ఎవరికీ తెలియదు. నోరు విప్పితే వాడే ఒడ్డెక్కుతాడు, తను మునుగుతుంది. ఛీ, వీడి బతుకు తగలడ! ఇప్పుడు కూడా గెలిచేది వీడేనా?

"ఆ చెయ్యి తియ్యండి సార్" అంది. జేబులోంచి బిరడా తీసి పైకెత్తింది. "అది వేసింది. తీసింది నేను. కావాలనే తీశాను."

ఈలసారుకి ప్రాణం లేచొచ్చింది. "విన్నారుగా! విన్నారుగా మేడమ్!"

"ఇంకా ఉంది వినండి. ఇంతకుముందు పడవ మునిగిన రోజు బిరడా తీసింది మీరు. మా అక్క మీద తోసేశారు. బిరడా మీ జేబులోనే ఉంది. నా తప్పు నేను చెప్పాను. మీరు చెప్పండి."

"అబద్ధం! పచ్చి అబద్ధం!"

కెప్టెనమ్మ చీర కుచ్చిళ్ళు పిండుకుంటూ, "పాత సంగతి నాకు తెలీదు గానీ ఒకటి చెప్పండి. ఇందాక మీరు నా పక్కన నిలబడి 'చూశాను' అని అరిచారు. ఏం చూశారు?" అంది.

ఈలసారు నోరు తెరిచాడు. ఈల పట్టుకున్నాడు, వదిలేశాడు. ఒడ్డు మీద ఎవడో "ఏం చూశారు సార్?" అని అరిచాడు. ఆ వెనక ఇంకొకడు. ఆ తర్వాత నవ్వు మొదలైంది. ఈసారి ఎవరి మీదో వేరే చెప్పక్కర్లేదు.

మిరపకాయని ఆ సాయంత్రమే దళంలోంచి తీసేశారు. తీసేయక ఏం చేస్తారు, నిండు పడవ ముంచింది. ఈలసారుని పడవల మీదినుంచి తప్పించి సామాన్ల గదిలో వేశారు. మిరపకాయకి కొంచెం కూడా చాల్లేదు. వాడిని వీధి వీధీ తిప్పాల్సింది అనుకుంటూ తడిబట్టలతోనే ఇస్త్రీ గదికి పోయింది.

అక్క చీవాట్లు పెడుతుందనుకుంది. అక్క ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, స్టూలు లాక్కుని కూచుంది. "మొదట్నుంచి చెప్పవే. మెల్లగా. ఏదీ వదలకు" అంది.

చెప్పింది. బూట్లు తడవడం, మొహం రంగులు మారడం, అన్నీ. అక్క మధ్య మధ్య "మళ్ళీ చెప్పు, ఆ ముక్క మళ్ళీ చెప్పు" అంది, కసిగా, కళ్ళు మెరుస్తుంటే. చిట్టెలుక భుజం మీదికి చెయ్యి వెళ్ళిందనేసరికి మాత్రం ఆపమంది.

"ఆ పిల్ల ఏడ్చిందా?"

"లేదక్కా. ఏడవబోయింది. ఈలోపే చెప్పేశాను."

అక్క, అన్నేళ్ళలో కన్నీళ్ళు పెట్టని మనిషి, చెల్లెలి తడి భుజం మీద మొహం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుపు అయ్యాక లేచి దుకాణం వీధివైపు తలుపు గడియ తీసింది. అక్కచెల్లెళ్ళిద్దరూ ముందు గుమ్మం లోంచి వీధిలోకి దిగి, కూరగాయల కొట్టు ముందునుంచే ఇంటికి నడిచారు.