పదిహేడు–పదిహేడు దగ్గర ఆపిన ఆట

ఆ మహిళా దినోత్సవం గురించి మా మండలంలో చెప్పుకునే కథ ఇది. జుట్టు సగం నెరిసిన ఒక టీచరమ్మ స్టీలు క్యారియర్ కోసం స్టేజీ ఎక్కి, మైకు లాక్కుని, ముఖ్య అతిథి ముందు అందరి పరువూ తీసిందట. వీడియో కూడా ఫోన్లలో తిరిగింది. అందులో నా వేలు కనిపిస్తుంది, నోరు కనిపిస్తుంది, మాట మాత్రం వినిపించదు, వెనక డీజే మోగుతోంది కాబట్టి. మాట వినకుండానే అందరూ తీర్పు చెప్పేశారు.

ముందు క్యారియర్ సంగతి తేల్చేస్తాను. బహుమతి క్యారియర్లు రెండు. ఒకటి నాకు, ఒకటి నాతో ఆడిన ఆమెకు. నాది బల్ల మీదే వదిలేసి వచ్చాను. ఇప్పుడు అందులో ఎవరు అన్నం పట్టుకెళుతున్నారో నాకు తెలియదు, అక్కర్లేదు. నేను అడిగింది నాలుగు పాయింట్లు. ఇరవై ఒకటి వస్తే ఆట అయిపోతుంది. మేమిద్దరం పదిహేడు–పదిహేడు దగ్గర ఉన్నాం. ఆ నాలుగూ ఆడనివ్వండి అన్నాను. అంతే.

ఆట పేరు టెన్నికాయిట్. మా వైపు హైస్కూల్లో చదివిన ఆడపిల్ల ఎవరినడిగినా రింగాట అంటుంది. మధ్యలో వల, అటొకరు ఇటొకరు, ఒక రబ్బరు రింగు. ఒంటి చేత్తో పట్టాలి, పట్టిన చేత్తోనే వెంటనే విసరాలి. రెండో చెయ్యి తగిలితే పాయింటు పోయినట్టే.

నాకు ఎదురు నిలబడిన మనిషి ఇప్పుడు మా పక్క ఊళ్ళో ఏఎన్‌ఎం. ఒకప్పుడు బళ్ళో నాకంటే ఒక క్లాసు కింద. వాళ్ళ నాన్న మా ఊళ్ళో పరుపులు కుట్టేవాడు, మా ఇంట్లో ఉన్న దూది పరుపులన్నీ ఆయన చేతివే. పెళ్ళిళ్ళయ్యాక ఎవరి దారి వాళ్ళదైంది. మళ్ళీ ఇన్నేళ్ళకు ఉద్యోగాలు ఇద్దరినీ ఒకే మండలంలోకి తెచ్చాయి. ఎక్కడ కనిపించినా "అక్కా" అని బండి ఆపుతుంది. మంచి మనిషి. కానీ ఒక్క సంగతి చెప్పాలి. బళ్ళో చదివిన రోజుల్లో నేను ఆమె మీద ఒక్కసారి కూడా గెలవలేదు. మధ్యాహ్నం బెల్లు కొట్టిన దగ్గర్నుంచి ఆడేవాళ్ళం. రోజూ ఓడేదాన్ని. ఓడినప్పుడల్లా ఆమె నవ్వేది. వెక్కిరింపు నవ్వు కాదు. అది ఇంకా బాధ.

అందుకే మహిళా ఉద్యోగులకు ఆటల పోటీలు అని కాగితం వచ్చినప్పుడు మ్యూజికల్ చెయిర్స్, చెంచాలో నిమ్మకాయ, ముగ్గులు అన్నీ వదిలేసి రింగాటకే పేరిచ్చాను. ఆమె పేరు ఇచ్చిందని తెలిశాకే ఇచ్చాను. నెల రోజులు బడి అయ్యాక గోడకేసి రింగు విసిరి పట్టుకుంటుంటే మా ఆయన చూసి, "సరదాకి పెట్టిన ఆటలకు ఇంత సీరియస్సా? ఒలింపిక్సుకు పంపుతారనుకున్నావా?" అన్నాడు.

"మీ అన్నయ్యగారి ఎద్దుల్ని అడగండి, సరదా అంటే ఏంటో చెబుతాయి" అన్నాను.

మా బావగారికి బండలాగుడు పోటీలకు తిప్పే ఎడ్ల జత ఉంది. వాటికి కోడిగుడ్లు, బాదం పప్పు, ఉలవలు. మేము కూర్చునే గదిలో ఫ్యాను తిరగకపోయినా ఎవరికీ పట్టదు గానీ కొట్టంలో ఫ్యాను ఆగితే ఇల్లంతా లేస్తుంది. పందెం రోజు పది మంది మగవాళ్ళు టేపు పట్టుకుని నేల మీద పడుకున్నంత పని చేసి కొలుస్తారు. ఇన్ని అడుగుల ఇన్ని అంగుళాలు అని మైకులో చదువుతారు. ఒక అంగుళం తేడా వచ్చిందని ఒక ఏడాది రెండు ఊళ్ళ వాళ్ళు మాట్లాడుకోలేదు. అక్కడికి వెళ్ళి "రెండు జతలూ బాగానే లాగాయి, ఇద్దరూ గెలిచినట్టే, బండ పక్కన పెట్టండి" అని ఎవరైనా అనగలరా? ఎద్దు లాగిన దూరానికి అంగుళాల లెక్క ఉంది. మా పదిహేడుకు మాత్రం లెక్క లేదు.

ఆ రోజు జరిగింది ఇదీ. మొదటి సెట్టు ఆమెది. రెండోది నాది. ఆమె మీద నేను గెలిచిన మొదటి సెట్టు, జన్మలో. మూడోది నడుస్తుండగా ముఖ్య అతిథి కారు దిగారు. డీజే మొదలైంది. వెంటనే నిర్వాహకుల్లో ఒకాయన మా వల దగ్గరికి వచ్చి, రింగు గాల్లో ఉండగానే చెయ్యి అడ్డం పెట్టి పట్టుకున్నాడు. అదీ రెండు చేతులతో.

"చాలమ్మా, చాలు! ఇద్దరూ విజేతలే. రండి, సారు చేతుల మీదుగా బహుమతి తీసుకోండి."

"ఇంకా నాలుగు పాయింట్లున్నాయండీ. ఐదు నిమిషాలు" అన్నాను.

"అబ్బా, మేడమ్! ఆడవాళ్ళ ఆటలకు గెలుపేంటి, ఓటమేంటి? పాల్గొనడమే ముఖ్యం."

పాల్గొనడమే ముఖ్యమట. పక్క గ్రౌండులో మగ ఉద్యోగుల క్రికెట్ ఆడుతున్నారు. వాళ్ళకు ఆఖరి ఓవరు ఉందని, ముఖ్య అతిథినే కుర్చీ వేసి కూర్చోబెట్టి చూపించారు. మహిళా దినోత్సవం నాడు. నేను స్టేజీ ఎక్కింది అది చూశాకే. మైకులో నేను అన్న మాటలు అచ్చంగా ఇవి: "క్రికెట్ వాళ్ళను కూడా ఇద్దరూ విజేతలే అని పిలవండి, నేను నోరు మూసుకుని నా క్యారియర్ తీసుకుంటాను." ఇందులో పరువు తీసే మాట ఎక్కడుందో ఎవరైనా చూపించండి.

అందరి మీదా కోపం రాలేదు గానీ, ఆమె మీద వచ్చింది. ఎందుకంటే నేను మైకు పట్టుకుని ఉండగానే ఆమె నవ్వుకుంటూ వెళ్ళి క్యారియర్ తీసుకుని ఫోటోకు నిలబడింది. బయట బండ్ల దగ్గర పట్టుకున్నాను.

"ఏమే, నీకు ఆట ముగించాలని లేదా?"

"ఎందుకు లేదక్కా. కానీ అంత రాద్ధాంతం ఎందుకు చెప్పు? ఆ స్టేజీ మీద కూర్చున్నోళ్ళలో ఇద్దరి సంతకాలు లేందే నా పని నడవదు. నువ్వు టీచరువి, నిన్నెవరూ ఏమీ అనరు. పొద్దున్న లేస్తే నేను వాళ్ళ మొహాలు చూడాలి."

"అంటే భయం."

"భయమే అనుకో. ఆటదేముంది, సరదాగా ఇంకో రోజు ఆడుకుందాం."

"నువ్వు గెలిచేదానివి కాబట్టి నీకు సరదా. రోజూ ఓడితే తెలిసేది."

ఆమె హెల్మెట్ పెట్టుకోబోతూ ఆగింది. "నీకు ఇంకా అవన్నీ గుర్తున్నాయా?" అంది. ఈసారి నవ్వలేదు. "సరే. ఆదివారం వస్తా. నాలుగు పాయింట్లేగా, నీ ముచ్చట తీరుస్తా."

ముచ్చట అన్న మాట నాకు నచ్చలేదు. కానీ వస్తానంది కాబట్టి ఊరుకున్నాను.

ఆదివారం నాటికి బడి గ్రౌండు చిక్కలేదు. మార్చి నెలలో మా వైపు చదునైన నేల ఎక్కడ కనిపించినా దాని మీద మిరపకాయలు ఉంటాయి. మా గ్రౌండులో ముగ్గురు రైతులు కాయ ఎండబోశారు. నన్నడిగే పోశారు, నేనే సరేనన్నాను. ఇక మిగిలింది మా కల్లం. కాయంతా టిక్కీ బస్తాలకు ఎత్తేశారు, ఒక మూల ఆడవాళ్ళు రంగు పోయిన తాలు కాయలు ఏరుతున్నారు. వల బదులు ట్రాక్టరుకూ గుంజకూ బరకం కట్టే తాడు కట్టాను. ముగ్గు పిండితో గీతలు గీశాను. మట్టి కొట్టి చదును చేసిన నేల, పగుళ్ళలో గింజలూ ఎర్రటి పొడీ. మాకు అలవాటే. కల్లం ఊడ్చాం కదా, శుభ్రంగానే ఉందనుకున్నాం. గుంటూరు మిర్చి మధ్య పుట్టి పెరిగిన ఇద్దరం, ఎండు కాయ పోసిన నేల మీద రబ్బరు రింగు పడేసుకుని ఆడదామనుకున్నాం చూడండి. వేరే ఊరి వాళ్ళు ఎవరూ ఈ తెలివితక్కువ పని చేయరు.

ఆమె ఐదింటికి వచ్చింది. చున్నీ నడుముకు బిగించి కట్టింది. అంపైరుగా తాలు ఏరే ముఠా మేస్త్రి ఉంటానంది. అరవై దాటిన మనిషి, ఈ ఆట ఎన్నడూ ఆడలేదు. రూల్సు చెబితే ఒకే ఒక్కసారి విని, చీపురు కర్ర పట్టుకుని తాడు దగ్గర నిలబడింది. ఆ స్టేజీ మీది వాళ్ళందరినీ కలిపినా ఆ చీపురు కర్రంత గౌరవం చూపలేదు మా ఆటకు.

మొదటి పాయింటుకే నాకు తగిలింది. "గీత తొక్కావు టీచరమ్మా. పాయింటు ఆయమ్మదే."

"ఇక్కడ నేనిచ్చే కూలికి వచ్చి నాకే పాయింటు కోస్తావా?"

"కూలి కాయ ఏరినందుకు. ఇది వేరే." కర్రతో గీత చూపించింది. "కావాలంటే వచ్చి చూసుకో, నీ కాలి వేలు అక్కడే అచ్చుపడింది."

తాలు ఏరే ఆడవాళ్ళు చేతులు ఆపి నవ్వారు. పద్దెనిమిది ఆమెవి. తర్వాతదీ ఆమెదే. పంతొమ్మిది. అప్పుడు నేను తలెత్తకుండా ఆడాను. ఆమె కుడిపక్కకు లాగి ఎడమకు వేశాను, పద్దెనిమిది. మళ్ళీ అలాగే వేస్తాననుకుంది, నేరుగా వేశాను, పంతొమ్మిది. మా ఆయన ఎప్పుడు వచ్చాడో తెలియదు, టిక్కీల మీద కూర్చుని "కానీ, కానీ!" అని అరుస్తున్నాడు. ఇది సరదా కాదని ఆయనకు అప్పుడు గానీ అర్థం కాలేదు. కాదు, ఇదే సరదా. అయినా ఆ మాట ఆయనతో చెప్పడానికి నాకు అప్పుడు ఊపిరి లేదు.

పంతొమ్మిది–పంతొమ్మిది దగ్గర ఆమె వేసిన రింగు తాడుకు తగిలి ఆమె వైపే పడింది. ఇరవై నాకు. పడిన రింగు పొడిలో దొర్లింది. ఆమె వంగి కుడి చేత్తో తీసింది, నా వైపు విసిరింది. నేను దాన్ని చీరకు తుడిచాను. ఆమె మోచేత్తో చున్నీ సర్దుకుని, మొహం తుడుచుకుంది.

నేను సర్వీసు వేశాను. ఏమంత గొప్పగా వేయలేదు, ఒప్పుకుంటున్నాను. ఎత్తుగా, మెల్లగా, ఆమె భుజం మీదికి వెళ్ళింది. బళ్ళో అలాంటివి ఆమె కళ్ళు మూసుకుని పట్టేది. చెయ్యి లేచింది. వేళ్ళు తెరుచుకున్నాయి. రింగు వేళ్ళకు తగిలి, వెనక నేల మీద పడింది.

ఆమె కూర్చుండిపోయింది. "కారం, అక్కా! చెమట తుడుచుకున్నాను, కంట్లో కారం పడింది!"

నీళ్ళ బిందె దగ్గరికి పరుగెత్తింది నేనే. కళ్ళు కడిగించాను. ఎర్రగా ఉన్నాయి. మేస్త్రి వంగి చూసి, "ఈ కల్లంలో ఎవరి కళ్ళు ఎర్రగా లేవులే" అంది. ఆ మాటతో ఏం తేలుతుంది?

"ఆ పాయింటు మళ్ళీ ఆడదాం" అన్నాను.

"వద్దు. గెలిచావుగా."

"కళ్ళు మంటగా ఉంటే లెక్కలోకి రాదు. మళ్ళీ ఆడదాం."

"అబ్బా, వదిలెయ్ అక్కా, రేపు పిల్లలకు సూదులున్నాయి." లేచి, నన్ను కావలించుకుని, "ఇన్నాళ్ళకు గెలిచావు, సంతోషపడు" అని చెవిలో చెప్పి, బండెక్కి వెళ్ళిపోయింది. మా ఆయన చప్పట్లు కొట్టాడు. ఆడవాళ్ళూ కొట్టారు. మేస్త్రి కొట్టలేదు, చీపురు గోడకు ఆనించి వెళ్ళి తాలు ఏరుకుంది.

నిర్వాహకుడి మీద నాకు కోపం పోయింది. ఆయనకు ఆట తెలియదు. కానీ ఆట తెలిసిన మనిషి, నన్ను చిన్నప్పటి నుంచి ఓడించిన మనిషి, జాలిపడి ఒక పాయింటు నా చేతిలో పెట్టి ఉంటే? అప్పుడు ఆయనకూ ఈమెకూ తేడా ఏముంది? ఆయన ఇద్దరూ విజేతలే అన్నాడు, ఈమె నువ్వే గెలిచావంది. ఇద్దరూ నన్ను ఆటలో లేని మనిషిగా లెక్కేశారు. ఓడిస్తే నేను ఏడ్చి ఉండేదాన్నే, రేపు ఇంకోసారి రమ్మనేదాన్ని. కానీ అది నా ఓటమి అయ్యేది, నా చేత్తో నేను తెచ్చుకున్నది.

ఇప్పటికి మూడుసార్లు అడిగాను. ఒకసారి పేట బస్టాండులో, ఒకసారి మా బళ్ళో పిల్లలకు మాత్రలు ఇవ్వడానికి వచ్చినప్పుడు, ఒకసారి ఫోన్లో. ప్రతిసారీ నవ్వుతుంది. "కారమే అక్కా, నీ మీద ఒట్టు" అంటుంది. నిజం కావచ్చు. ఆ కల్లంలో గాలికి కూడా ఘాటు ఉంటుంది, కాదనను.

కానీ నేను చూశాను. నాకు ఆట సీరియస్సు కాబట్టి చూశాను. పాయింటు పాయింటుకూ నీ చేతుల్నే చూస్తున్నాను. పొడిలో దొర్లిన రింగు నువ్వు తీసింది కుడి చేత్తో, విసిరింది కుడి చేత్తో. మొహం తుడుచుకున్నది ఎడమ చేత్తో. ఆ పూటంతా రింగు ముట్టని ఎడమ చేత్తో. పసిపిల్లల తొడల మీద సూది వేసినా వణకని చేతులు నీవి.

ఒట్లు నాకొద్దు. క్యారియర్ కూడా నువ్వే ఉంచుకో. ఒక్కటి చెప్పు చాలు: ఆ ఎడమ చేతికి కారం ఎక్కడ అంటిందే?