ఆర్డిస్ గీసిన చేపముల్లు

ఆర్డిస్ హౌగెన్ చేపముల్లు గీస్తుంటే చూడాలి. స్కేలు లేదు, చెరపడం లేదు. అడ్డంగా ఒక గీత, దాన్ని కోస్తూ రెండు నిలువు గీతలు, కుడి చివర చీలిన తోక. అంతే. అందులో రోగి రక్తమంతా వచ్చి కూర్చునేది. పైన సోడియం, క్లోరైడ్, యూరియా, కింద పొటాషియం, బైకార్బొనేట్, క్రియాటినిన్, తోకలో చక్కెర. ఏ గడికీ పేరు రాసేవాళ్లం కాదు. చోటును బట్టే అంకె దేనిదో తెలిసిపోవాలి. తెలియనివాళ్లు మా వార్డులో ఎక్కువ కాలం నిలిచేవాళ్లు కారు.

డులూత్ ఆసుపత్రిలో సరస్సు వైపు కిటికీలున్న ఆ నాలుగో అంతస్తుకు నేను హెడ్ నర్సుని. ఆర్డిస్ అప్పటికి చదువు చివర్లో ఉన్న డాక్టరు. ఫ్లడ్‌వుడ్ దగ్గర పాడి రైతు కూతురు. తెల్లారకముందే లేచే అలవాటు అక్కడిదే. మేము కాఫీ కలుపుకునేసరికి ఆమె రోగులందరి ముళ్ళూ గీసేసి ఉండేది. వచ్చే ఏడాది చిన్న డాక్టర్లందరికీ పెద్దగా ఉండే చీఫ్ రెసిడెంట్ ఆమేనని అందరూ అనుకునేవాళ్లు. పెద్ద డాక్టరు రాడ్‌మాకర్ కూడా అదే అనుకున్నాడు.

ఆ వేసవిలో డెల్ ప్రూయిట్ వచ్చాడు. కెంటకీ నుంచి కొత్తగా వచ్చిన డాక్టరు. చేపముల్లు బాగానే గీశాడు. కాల్షియం, మెగ్నీషియం, ఫాస్ఫరస్‌లకు మాకు వేరే గుర్తు ఉంది, పంగలకర్రలా ఉంటుంది. దాని పంగలో కాల్షియం అంకె, కర్రకు అటూ ఇటూ మిగతావి చెరొకటి. ఏది దేనిదో తెలిసేలా డెల్ అంకెల పక్కన చిన్న చిన్న అక్షరాలు పెట్టాడు.

"ఏంటయ్యా ఇది? మీ ఇంట్లో తలుపు మీద 'తలుపు' అని రాసుకుంటారా?" అంది ఆర్డిస్, రౌండ్స్‌లో అందరి ముందూ.

"లేదు మేడమ్. కానీ మా కాలేజీలో..."

"మీ కాలేజీ కెంటకీలో ఉంది. నువ్వు ఇక్కడున్నావు. మా నాన్న కొట్టంలో ఒక్క ఆవు చెవికీ బిళ్ల ఉండేది కాదు, తెలుసా? తెలిసినవాడికి తెలుస్తుంది. ఆ అక్షరాలు తీసెయ్."

"అలాగే మేడమ్."

"ఆ మేడమ్ కూడా తీసెయ్. ముసలిదాన్నయిపోయినట్టుంది."

అందరం నవ్వాం. డెల్ అక్షరాలు మానేశాడు, మేడమ్ మాత్రం మానలేదు. మా దగ్గర కర్రకు ఎడమన మెగ్నీషియం, కుడిన ఫాస్ఫరస్. అతను నేర్చుకున్నచోట అటుది ఇటు. ఇంకో రకం ఉంటుందని ఆమెకు తోచలేదు, అతనికీ తోచలేదు.

ఐనర్ తోయ్వొలా అని, ఓడలకు ఇనుపరాయి ఎత్తే రేవులో పనిచేసి మానేసిన మనిషి. భార్య పోయాక కాఫీ తప్ప ఏదీ సరిగ్గా ముట్టలేదు. మా దగ్గర చేరి, నాలుగు ముద్దలు తినడం మొదలుపెట్టాడు. ఎండిపోయిన ఒంట్లో ఒక్కసారిగా తిండి పడితే ఫాస్ఫరస్ దిగజారుతుంది. డెల్ దాన్ని ముందే అనుమానించి పరీక్ష చేయించాడు. అనుకున్నట్టే ప్రమాదంగా పడిపోయింది. డ్యూటీ దిగుతూ పంగలకర్ర గీసి, అంకెలు వేసి, కింద "తక్కువున్నది ఎక్కించండి" అని రాసి వెళ్లాడు.

తర్వాత వచ్చిన డాక్టరు మా అలవాటు ప్రకారం చదివాడు. తక్కువున్నది మెగ్నీషియం అనుకుని అదే ఎక్కించాడు. సాయంత్రం భోజనం వేళకు తోయ్వొలా చెంచా ఎత్తలేకపోయాడు. ఊపిరి అందక ఐసీయూకి తీసుకెళ్లాం. అక్కడ అసలు లోటు ఫాస్ఫరస్‌దని కనిపెట్టి సరిచేశారు. మనిషి దక్కాడు.

డెల్ ఉద్యోగం మాత్రం గాలిలో దీపమైంది. రాతలో నిర్లక్ష్యం చేశాడని, ఇంటికి పంపేయాలని మాట వచ్చింది. తేల్చడానికి మీటింగు పెట్టారు.

"అక్షరాలు తీయించింది ఎవరో ఆ అబ్బాయి చెప్పడా?" అన్నాను ఆర్డిస్‌తో, ఆ మీటింగుకి మెట్లు ఎక్కుతూ.

"చెప్పడు లోయిస్. వాళ్లమ్మ పెంపకం అలాంటిది," అంది.

గదిలో రాడ్‌మాకర్, మరో ముగ్గురు పెద్ద డాక్టర్లు. "ఏమంటావు ప్రూయిట్?" అన్నాడు రాడ్‌మాకర్.

"నాదే తప్పు సార్."

ఆర్డిస్ లేచింది. బోర్డు మీద పంగలకర్ర గీసి మూడు అంకెలు వేసింది. "ఇందులో ఫాస్ఫరస్ ఏదో చెప్పండి."

"ఇదేం ప్రశ్న? కుడివైపుది," అన్నాడు ఆ ముగ్గురిలో ఒకాయన.

"కుడి ఏంటి, హెర్బ్? ఎడమది," అన్నాడు పక్కనున్నాయన.

"నీ మొహం. ఎడమన మెగ్నీషియం."

"షికాగోలో మేమంతా అలాగే రాశాం, ఎవరూ చావలేదు!"

"మీకు తెలిసి చావలేదేమో!"

ఆర్డిస్ వాళ్లను కాసేపు అలాగే అరుచుకోనిచ్చింది. తర్వాత సుద్దముక్క కింద పెట్టింది. "డాక్టర్ ప్రూయిట్ పేర్లు రాశాడు. నేను పదిమందిలో వెక్కిరించి తీయించాను. అతను రోగాన్ని సరిగ్గా పట్టాడు, అంకెను తనకు నేర్పినచోట రాశాడు. మన పద్ధతి నేను అతనికి నేర్పలేదు."

రాడ్‌మాకర్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఆర్డిస్, వచ్చే ఏడాది ఈ వార్డు నీ చేతిలో పెడదామనుకున్నాను. ఇప్పుడు నువ్వన్నది మీటింగు మినిట్స్‌లోకి ఎక్కితే అది కుదరదు. ఎక్కించమంటావా?"

"ఎక్కించండి. ఎవరన్నారో పేరు కూడా రాయండి."

మమ్మల్ని బయటికి పంపి తలుపు వేసుకున్నారు. ఆర్డిస్‌ను మాత్రం ఉండమన్నారు. డెల్ గోడకానుకుని నేల చూస్తూ నిలబడ్డాడు. నేను వెళ్లి కాఫీ తెచ్చేసరికి ఆర్డిస్ బయటికొచ్చింది.

"ఏమైంది డాక్టరమ్మా?"

"చీఫ్ పని నాతోటి డాక్టరు హెన్స్‌లీకి ఇస్తారట. మంచివాడే, చేతిరాతే బాగుండదు." కప్పు అందుకుని డెల్ వైపు తిరిగింది. "నువ్వు ఉంటున్నావు. ఇంకా ఇక్కడే నిలబడ్డావేం? తోయ్వొలా కింద మన వార్డుకు తిరిగొచ్చాడు, పొద్దుటి అంకెలు ఎవరు చూస్తారు, నేనా?"

"వెళ్తున్నా మేడమ్," అని డెల్ మెట్లు రెండేసి చొప్పున దిగిపోయాడు.

ఆమె కాఫీ తాగుతూ అతను పోయిన వైపే చూసింది. నా పక్కన నిలబడ్డ ఆ మనిషి ఆ క్షణంలో ఒక అంగుళం పొడుగు పెరిగినట్టనిపించింది. ఆ అంతస్తులో నేను పనిచేసింది ఆమెతోనని చెప్పుకోవడం నాకు ఈ వయసులోనూ ఇష్టం.