మజ్జిగ పులుసులో ఏముంది

నరసరావుపేటలో పున్నారావు వండిన పెళ్లిలో మజ్జిగ పులుసు మిగలదు. ముప్పై ఏళ్లుగా ఊళ్లో ఇదే మాట. తెల్లగా, చిక్కగా, నాలుక మీద మెత్తగా జారే ఆ పులుసులో ఏం కలుపుతాడో మాత్రం ఎవరికీ చెప్పడు. అడిగినవాళ్లకు "శనగపప్పేనయ్యా, ఇంకేముంటది" అంటాడు. రుబ్బే వేళకు తన మనుషులందరినీ తలా ఒక పని మీద పంపేసి, గ్రైండరు దగ్గర ఒక్కడే నిలబడతాడు.

అతను కలిపేది వేరుశనగ గింజలు. నానబెట్టి, పొట్టు తీసి, పాలలా రుబ్బి పోస్తాడు. అది అతను కనిపెట్టింది కూడా కాదు. వెల్దుర్తి దగ్గర పల్లెలో అతని తల్లి అలాగే చేసేది. శనగపప్పయితే కొట్టులో కొనాలి, పల్లీలు చేలోనే పండేవి. పేట వచ్చి వంట మేస్త్రి అయ్యాక ఆ వంటే పేరు తెచ్చింది. లేనివాళ్ల వంటని తెలిస్తే పెళ్లివారు చులకన చేస్తారని మొదట్లో దాచాడు. తర్వాత దాచడం అలవాటైంది.

మొన్న వేసవిలో కిరాణా వ్యాపారి వెంకటాద్రి కొడుకు పెళ్లికి వంట అతనిదే. ఉదయం టిఫిన్లు అయిపోయాయి. ఆడవాళ్లు సొరకాయలు తరుగుతున్నారు. వెంకటాద్రి కూతురు నిహారిక ఒక కాగితం, పెన్ను పట్టుకుని కల్యాణ మండపం వెనక వంటశాలలోకి వచ్చింది.

"బాబాయ్, మధ్యాహ్నం వంటల్లో పల్లీలు ఏంట్లో పడతయ్యో చెప్పు. మా పాప హాసినికి పడవు."

"పులిహోరలో. అంతే."

ఆమె కాగితం మీద పులిహోర కొట్టేసింది. "మజ్జిగ పులుసు?"

"శనగపప్పమ్మా." ముప్పై ఏళ్ల జవాబు దానంతటదే వచ్చేసింది.

నిహారిక టిక్కు పెట్టుకుంది. "ఏ ఫంక్షన్‌కి పోయినా దానికి ఇంటి డబ్బా, గదిలో ఒక్కదానికే తిండి. ఏడేళ్లొచ్చినయ్. మామయ్య పెళ్లిలో బంతిలో కూర్చోవాల్సిందేనని వారం నుంచి ఒకటే గోల."

"ఏరి పక్కన పెట్టుకుంటే సరిపోద్దిగా. నాకూ వంకాయ పడదు, ఒళ్లంతా దురద. అయినా తింటన్నా."

"ఇది దురద కాదు బాబాయ్. పోయినేడు మాచర్లలో ఎవరో బర్ఫీ ముక్క పెట్టారు. అందులో పల్లీ పొడి ఉందని మాకు తెలియదు. పది నిమిషాల్లో మొహం వాచింది, ఊపిరాడలా. టయానికి ఇంజెక్షన్ పడబట్టి దక్కింది. ఇప్పుడా ఇంజెక్షన్ నా సంచీలోనే ఉంటది. చిటికెడు తగిలినా చాలంట."

ఆమె గుమ్మం దాకా వెళ్లింది. పున్నారావు చేతిలో గరిటె అలాగే ఉంది. పక్కకు పిలిచి ఆమె ఒక్కదానికే చెప్పవచ్చు. కానీ వడ్డించేది ఇక్కడున్న వీళ్లంతా.

"అమ్మాయ్, ఆగు. మజ్జిగ పులుసులో పోసేది పల్లీలే. శనగపప్పు కాదు."

తరిగే కత్తిపీటలు ఆగిపోయాయి. అతని దగ్గర పన్నెండేళ్లుగా పనిచేస్తున్న పుల్లయ్య నెమ్మదిగా తల తిప్పాడు.

"ఇందుకా మావా, నన్ను పన్నెండేళ్ల నుంచి కరివేపాకుకి తోలింది? జీడిపప్పనుకుని ఇంట్లో చేసి చేసి నా పెళ్లాం చేత తిట్లు తిన్నా."

ఆడవాళ్లు నవ్వారు. నిహారిక నవ్వలేదు. కాగితం మీద టిక్కును గట్టిగా కొట్టేసింది.

"ఇప్పుడన్నా చెప్పావు. డబ్బా తెచ్చాన్లే బాబాయ్, గదిలోనే పెడతా."

"గదిలో ఎందుకు? మొత్తం పల్లీ లేకుండానే వండుతా. జీడిపప్పు, శనగపప్పు పడతయ్యా?"

"పడతయ్. డాక్టరు పరీక్ష చేసే చెప్పాడు. మరి నూనె?"

పున్నారావు నూనె డబ్బాల వైపు చూశాడు. అన్నీ వేరుశనగ నూనెవే. ఆ సంగతి అతనికి తట్టనే లేదు. కబురు వెళ్లిన పావుగంటకు వెంకటాద్రి స్వయంగా పొద్దుతిరుగుడు నూనె డబ్బాలు దింపించాడు.

"రోజూ నూనెలమ్మే నాకే తట్టలా. దాని తాతని నేను" అన్నాడు, చెమట తుడుచుకుంటూ.

తర్వాత గ్రైండరు సంగతి పుల్లయ్య గుర్తు చేశాడు. పొద్దున టిఫిన్లకు పల్లీ చట్నీ రుబ్బింది అందులోనే. ఎంత కడిగినా రాళ్ల సందుల్లో మిగులుతుందని నిహారిక ఒప్పుకోలేదు. తన ఇంట్లో పల్లీ అడుగుపెట్టదు కాబట్టి అక్కడి గ్రైండరు ఆటోలో తెప్పించింది. చిన్నది; ఏడు వాయిలు రుబ్బాల్సి వచ్చింది. చట్నీ గిన్నెలు, గరిటెలు బయటికి పోయాయి. అందరూ సబ్బుతో చేతులు కడుక్కున్నారు. టిఫిన్లు తిన్న బల్లలు తుడిచి కొత్త కాగితం పరిచారు. పున్నారావు ఆ పూట ఎవరినీ ఎక్కడికీ పంపలేదు.

పులుసు దించాక అరచేతిలో పోసుకుని నాకాడు. కొబ్బరి, అల్లం కాస్త ఎక్కువే వేశాడు.

"ఎట్టుంది మావా?"

"బాగానే ఉంది. నాది కాదు." ఆరువందల మంది తినేది అదే. అతను మూత పెట్టేశాడు.

మొదటి బంతిలో హాసిని కూర్చుంది. అటొక పిల్ల, ఇటొక పిల్ల. వెనక కుర్చీలో నిహారిక, ఒళ్లో సంచీ. హాసిని ఆకు మీద నీళ్లు చల్లుకుని, పక్కపిల్ల ఆకు మీద కూడా చల్లింది. పప్పు, పులిహోర పడ్డాయి. పులిహోర జీడిపప్పులన్నీ ముందు ఏరుకు తిన్నది. నిహారిక చేయి సంచీ మీదే ఉంది. చానాసేపటికి ఆ చేయి తీసి చెమట తుడుచుకుంది.

మజ్జిగ పులుసు బకెట్ పున్నారావే పట్టుకొచ్చాడు. గరిటె ముంచి వంగాడు. హాసిని ఆకుకు రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"నాకొద్దు తాతా. సొరకాయ ముక్కలుంటయ్."

"ముక్కలు రాకుండా పోస్తానమ్మా."

"పులుసే ఇష్టం లేదు. అప్పడం ఎయ్యి."

నిహారిక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పున్నారావు గరిటె బకెట్లో వదిలేసి, నడుం నిటారుగా చేసుకున్నాడు.

"ఎన్ని?"

"రెండు. దీనిక్కూడా రెండు" అంది హాసిని, పక్కపిల్లను చూపిస్తూ.

అతను బకెట్ కింద పెట్టి అప్పడాలకు తనే వెళ్లాడు.